శుభలేఖల వెనక బహువచనాలు

మార్చి 6, 2006, సోమవారం

తెలుగులో రాసుకుంటే ఇంట్లో ఎవరూ చదవరు. అమ్మకు ఉర్దూ తప్ప రాదు. నాన్నకు తెలుగంటే చొక్కా కొలతలు రాసుకునేంత వరకే. అందుకని ఈ నోటుబుక్కులో నా ఇష్టం వచ్చినట్టు ఎవరినైనా తిట్టుకోవచ్చు. కానీ ఇవాళ తిట్టడానికేం లేదు. నాకు స్కూల్లో ఇంగ్లీషు చెప్పిన కోదండరామయ్య మాస్టారు మా ఆఫీసులో చేరారు!

నేనే హేమంత్‌కుమార్ గారి చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. ఆయన మాత్రం ఏం చేస్తారు పాపం? తాడేపల్లిగూడెం నుంచి వచ్చి ఏలూరులో మూడు కంప్యూటర్లతో ఆఫీసు తెరిచిన మనిషి. అమెరికాలో పాత సామాన్లు అమ్మే షాపు ఒకటి, వాళ్ళ పని పట్టుకొచ్చారు. షాపులో ఒక పెట్టె ఉంటే తెర మీద బాక్స్ అని రావాలి, నాలుగుంటే బాక్సెస్ అని రావాలి. అలాంటి మాటలు ఆరు వేలు. ప్రోగ్రామే తనంతట తాను బహువచనం కట్టుకోవాలి. చివర ఎస్ తగిలిస్తే పోలేదా అనుకుని ఫిబ్రవరంతా నేనే రాశాను. మౌస్‌కు మైస్ కదా అని ఒక రూలు పెడితే హౌస్ కాస్తా హైస్ అయి కూర్చుంది. మ్యాన్‌కు మెన్ అని పెడితే జర్మన్ జర్మెన్ అయ్యాడు. ఒకటి సర్దితే పది చెడుతున్నాయి, నా మొహం!

మాస్టారు వచ్చి కంప్యూటర్ వైపు ఒకసారి చూశారు.

"దాన్ని నేను ముట్టుకోనమ్మాయ్. నేను కార్డులు రాస్తాను, నువ్వు కొట్టుకో."

సంచీలోంచి కార్డులు తీశారు. పాత శుభలేఖలు! వెనక తెల్లగా ఉంటుంది కదా, వాళ్ళావిడ కామేశ్వరి గారు కత్తెరతో సగానికి కోసి ఇస్తారట. ముందు వైపు ఎవరిదో సగం ముహూర్తం, వెనక వైపు ఇంగ్లీషు.

"క్లాసులో అల్లరి పిల్లల్ని ఎక్కడ కూర్చోబెడతాం?" అని అడిగారు.

"ముందు బెంచీలో అండీ."

"ఇక్కడా అంతే. మాట వినని వాటిని ముందు రాయి. ఆక్స్, చైల్డ్, షీప్, జర్మన్. నీ యంత్రం ముందు బెంచీ వెతకాలి. అక్కడ లేకపోతేనే వెనక్కి వెళ్ళాలి. ఎస్ తగిలించుకుని బుద్ధిగా పోయేవాళ్ళంతా చివరి బెంచీలో."

నెల రోజులుగా నా బుర్రకు తట్టనిది ఇదే. సాయంత్రానికి రెండు వందల మాటలు సరిగ్గా వచ్చాయి. హేమంత్‌కుమార్ గారు మాస్టారికి కాఫీ తెప్పించారు. నాకు తెప్పించలేదు.

మార్చి 9

మాస్టారు వేసుకొచ్చే చొక్కాలన్నీ నాన్న కుట్టినవే. కాలరు చూస్తే తెలిసిపోతుంది. ఏడో తరగతితో నన్ను మాన్పించేద్దామనుకున్నాడు నాన్న. మాస్టారు కొట్టుకు వచ్చి వాదన ఏమీ పెట్టుకోలేదు. చొక్కా గుడ్డ ఇచ్చి, కొలతలు ఇస్తూ, "కరీం గారూ, మీ అమ్మాయి బాగా చదువుతుందండీ" అన్నారు. మర్నెల ఇంకో గుడ్డ, అదే మాట. అలా ఆ ఏడు తొమ్మిది చొక్కాలు. తొమ్మిదోదానికి నాన్నే చేతులెత్తేశాడు. "ఇక గుడ్డ తేకండి మాస్టారూ. పంపిస్తాను."

ఇవాళ నేనొక మాట తప్పుగా కొట్టి, "పర్లేదు లెండి, తర్వాత దిద్దుకుంటాను" అన్నాను. ఎర్ర పెన్ను తీసి కాగితం మీద సున్నా చుట్టారు. "తప్పుకు సున్నా చుట్టకపోతే పిల్లకు ద్రోహం చేసినట్టేనమ్మాయ్. పర్లేదు అనేవాడు మాస్టారు కాడు." స్కూల్లోనూ ఇదే మాట. ఇరవై ఆరేళ్ళొచ్చినా చెవులు ఎర్రబడ్డాయి నాకు.

మార్చి 28

ముందు బెంచీ నిండుతోంది. నాలుగు వందల పైన.

ఏప్రిల్ 11

ఆక్స్ కార్డు ఇవాళ మూడుసార్లు వచ్చింది. ఒకే రోజున. మూడింటి వెనకా ఒకే పెళ్ళి శుభలేఖ. దెందులూరు నుంచి బస్సులో నిలబడి వస్తున్నారు, అరవై నాలుగేళ్ళ మనిషి. అలసట ఉండదా?

ఏప్రిల్ 12

కళ్ళజోడు మార్చాలి ఆయన. అదీ సంగతి.

ఏప్రిల్ 20

మధ్యాహ్నం పేపరు చదువుతూ, "కొల్లేట్లో చెరువుల గట్లు కొట్టేస్తున్నారటమ్మాయ్" అన్నారు. ఎనభైల్లో నాలుగేళ్ళు అక్కడ ఒక లంక ఊళ్ళో పనిచేశారట. బస్సు దిగి, చేపల చెరువు గట్టు మీద మూడు కిలోమీటర్లు నడిచి బడికి వెళ్ళేవారట. గట్టుకు అటూ ఇటూ నీళ్ళు, నెత్తి మీద కొంగలు. బాగా చెప్పారు. బుల్లి సినిమా చూపించినట్టు చెప్పారు.

నాలుగు గంటలకు మళ్ళీ, "కొల్లేట్లో గట్లు కొట్టేస్తున్నారటమ్మాయ్, చూశావా?" అన్నారు. మళ్ళీ మొదటి నుంచీ చెప్పారు. నేను మొదటిసారి విన్నట్టే విన్నాను. పెద్దవాళ్ళు చెప్పిందే చెప్తారు. మా నాన్న చెప్పడా?

మే 3

చైల్డ్‌కు చైల్డ్స్ అని రాశారు.

ఎవరు? మాస్టారు! నాకు ఏడో తరగతిలో ఆ మాట యాభైసార్లు రాయించిన మాస్టారు.

ఆయన బయటికి వెళ్ళినప్పుడు, సంచీలోంచి ఖాళీ శుభలేఖ ముక్క తీసుకుని, ఆయన రాసినట్టే గుండ్రంగా రాసి, దాన్ని కట్టలో పెట్టి తప్పుది తీసేశాను. తప్పు కార్డు నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. దాన్ని ఏం చేయాలో తెలియదు. చింపడానికి చేతులు రాలేదు.

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "అమ్మాయ్, నా కార్డులు సరిగ్గా వస్తున్నాయా?" అని అడిగారు.

"వస్తున్నాయండీ."

"తప్పులుంటే చెప్పు."

"లేవండీ."

మే 4

చూశావా! పొద్దున్న ఇంటి నుంచి తెచ్చిన కార్డులు నలభై. ఒక్క తప్పు లేదు. ముత్యాల్లాంటి అక్షరాలు. అంతా ఎండ మహిమ. ఆఫీసులో ఫ్యాను తిరిగితే తిరుగుతుంది, లేకపోతే లేదు. ఇంట్లో చల్లగా కూర్చుని రాస్తే మాస్టారు మాస్టారే. అనవసరంగా రాత్రంతా కుమిలాను.

మే 12

ఇంటి కార్డులు ముప్ఫై ఐదు, తప్పుల్లేవు. ఆఫీసు కార్డులు పన్నెండు, తొమ్మిది తప్పు. తొమ్మిదీ నేనే మళ్ళీ రాశాను. నా దస్తూరీ ఇప్పుడు అచ్చం ఆయనదే.

"సరిగ్గా వస్తున్నాయా?" "వస్తున్నాయండీ."

మే 17

నన్ను వెంకటనరసమ్మా అని పిలిచారు. ఆవిడెవరో. పలికాను.

మే 26

ఇంట్లోనే ఉండి రాయమంటే మంచిది కదా అని దెందులూరులో వాళ్ళ పక్కింటికి ఫోన్ చేశాను. కామేశ్వరి గారిని పిలిచారు. చెప్పేద్దామనే చేశాను. నిజంగా.

"ఎండలు ఎక్కువగా ఉన్నాయి కదండీ అమ్మగారూ, మాస్టారు ఇంట్లోనే రాసి పంపిస్తే..."

"అయ్యో వద్దమ్మా" అన్నారు గాభరాగా. "రానివ్వు. ఆఫీసుకు వస్తేనే ఆయన మనిషిలా ఉంటారు. అక్కడ బాగానే చేస్తున్నారు కదమ్మా?"

నోటి దాకా వచ్చింది. ఆవిడ గొంతులో ఎంత ఆశ ఉందో! చదువు చెప్పిన మనిషి గురించి ఆయన భార్యతో "మీ ఆయనకు ఏమీ గుర్తుండటం లేదండీ" అని ఎలా అంటాను?

"బాగా చేస్తున్నారండీ" అన్నాను.

"అదే చాలమ్మా. నీ పుణ్యం."

నాకు పుణ్యమట.

జూన్ 1

అమెరికా వాళ్ళు రెండు వందల మాటలిచ్చి పరీక్ష పెట్టారు. ఒక్కటే పోయింది. హేమంత్‌కుమార్ గారు మాస్టారికి కుర్చీలో నుంచి లేచి దండం పెట్టారు. "మీరు లేకపోతే ఈ పని అయ్యేది కాదండీ మాస్టారూ." మాస్టారు నవ్వలేదు. కార్డులు చేతిలో పట్టుకుని తిప్పి తిప్పి చూశారు. తర్వాత నన్ను రోజూ అడిగేదే అడిగారు. నేనూ అదే చెప్పాను.

ఆయన నా మొహంలోకి చాలాసేపు చూశారు. ఎందుకలా చూశారు?

జూన్ 8

సాయంత్రం నేను బస్టాండు మీదుగా ఇంటికి వెళ్తున్నాను. మాస్టారు కొల్లేటి వైపు వెళ్ళే కైకలూరు బస్సు మెట్టు మీద కాలు పెట్టి ఉన్నారు. దెందులూరు ఎక్కడ, కైకలూరు ఎక్కడ! పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాను.

"మాస్టారూ, మీ బస్సు అటండీ."

"ఓహో" అన్నారు. నవ్వారు. "అన్నీ ఒకే రంగు వేస్తే ఎలా తెలుస్తుందమ్మాయ్?"

దెందులూరు బస్సు ఎక్కించి, కిటికీ పక్కన కూర్చోబెట్టి, కండక్టరుకు చెప్పి దిగాను. చాలు. రేపు కామేశ్వరి గారికి చెప్పేస్తాను. ఉద్యోగం పోతే పోనీ.

జూన్ 9

పక్కింటి వాళ్ళు ఫోన్ ఎత్తలేదు.

జూన్ 10

రెండో శనివారం. ఆఫీసు లేదు.

ఫోన్ చేయడానికి ఆఫీసు ఉండాలా?

జూన్ 12

బాగున్నారు ఇవాళ. జోకులు కూడా వేశారు. చెప్పలేదు.

జూన్ 15, గురువారం

మాస్టారు రాలేదు. ఇంటి దగ్గర ఎనిమిదింటికే బయల్దేరారట.

యా అల్లా.

జూన్ 16

దొరికారు. దొరికారు. దొరికారు.

నిన్న పదిన్నరకు రాకపోతే జ్వరమేమో అనుకున్నాను. పన్నెండుకు ఫోన్ చేస్తే కామేశ్వరి గారు, "అదేమిటమ్మా, ఎప్పుడో బయల్దేరారు కదా" అన్నారు. అప్పుడు నాకు కైకలూరు బస్సు గుర్తొచ్చింది. అప్పుడు కూడా, అప్పుడు కూడా నేను మొదట చెప్పింది "వచ్చేస్తారు లెండి" అనే.

హేమంత్‌కుమార్ గారు మోటారు సైకిలు మీద బస్టాండులన్నీ తిరిగారు. నాన్న కొట్టు మూసేసి పోలీసు స్టేషనుకు వెళ్ళాడు. గుర్తులు చెప్పమంటే, "నేను కుట్టిన చొక్కా వేసుకున్నారండీ, గళ్ళ చొక్కా, జేబు మీద డబుల్ కుట్టు" అని చెప్పాడట. మనిషి పొడుగో పొట్టో చెప్పలేదు, చొక్కా చెప్పాడు.

నాలుగు గంటలకు కామేశ్వరి గారి పక్కింటికి ఫోన్ వచ్చింది. ఎక్కడి నుంచో తెలుసా? నల్లజర్ల నుంచి. వెంకట్రాజు గారని మాస్టారి పాత విద్యార్థి. ఆయన కూతురు శ్రావ్య పెళ్ళి నాలుగేళ్ళ కిందట అయింది. కొల్లేట్లో ఎవరో పెద్దాయన దొరికాడట. ఆయన సంచీలో ఆ పెళ్ళి శుభలేఖ ముక్క ఉందట. దాని మీద అచ్చేసిన నంబరుకు ఫోన్ చేశారట. శుభలేఖ వెనక ఏవో ఇంగ్లీషు మాటలున్నాయనగానే వెంకట్రాజు గారికి అర్థమైపోయింది. "శుభలేఖల వెనక రాసే మనిషి మా మాస్టారొక్కరేనండీ" అన్నారట.

ఆటో మాట్లాడుకుని నేను, నాన్న, కామేశ్వరి గారు వెళ్ళాం. ఆయన్ని నీళ్ళలోంచి బయటికి తీసింది పేతురు అనే ఆయన, చేపలు పడతాడు. మాస్టారికి తన లుంగీ కట్టి, టీ తాగిస్తున్నాడు.

"ఆ గట్టు తెగ్గొట్టి నెలైందండీ" అన్నాడు పేతురు. "అక్కడిదాకా నడిచొచ్చి, గట్టు ఉందనుకుని నీళ్ళలోకి దిగిపోయారండీ. నేను చూసేసరికి గుండెల్లోతు నీళ్ళలో నిలబడి ఉన్నారు. సంచీ తడవకుండా నెత్తి మీద పెట్టుకున్నారండీ. బడికి టైమైపోతోంది, గట్టేదోయ్ అని నన్నడిగారు. ఏం చెప్తానండీ? కొట్టేశారండీ అన్నాను. ఎప్పుడు కొట్టేశారు, నాకెవరూ చెప్పలేదే అన్నారండీ."

సంచీలో కార్డులు ఒక్కటి కూడా తడవలేదు.

కామేశ్వరి గారు ఆయన కాళ్ళకంటిన బురద కొంగుతో తుడుస్తున్నారు. మాస్టారు నన్ను చూసి, "అమ్మాయ్, ఆలస్యమైంది. హేమంత్‌కుమార్ గారు కోప్పడతారా?" అన్నారు.

నాన్న గళ్ళ చొక్కా పిండి, ఆటో కడ్డీకి ఆరేశాడు.

జూన్ 18, ఆదివారం

దెందులూరు వెళ్ళాను. మాస్టారు మంచం మీద నిద్రపోతున్నారు. వంటింట్లో కూర్చుని అంతా చెప్పేశాను. ఆక్స్ కార్డు దగ్గర నుంచి కైకలూరు బస్సు దాకా. చెప్పి, "నన్ను కొట్టండి అమ్మగారూ" అన్నాను.

ఆవిడ లేచి బియ్యం డబ్బా పక్కకు జరిపారు. దాని వెనక ఒక ఇంగ్లీషు డిక్షనరీ, కత్తెర, కోసిన శుభలేఖలు, ఒక పెన్ను.

"ఇంటి నుంచి వచ్చే కార్డులు నేను రాసేవేనమ్మా" అన్నారు.



"మరి ఆ దస్తూరీ?"

"పెళ్ళయ్యేటప్పటికి నాది ఐదో తరగతి. తర్వాతదంతా ఆయన నేర్పిందే. ఆయన రాసినట్టే వస్తుంది నాకు. పోయిన ఏడాది నుంచే మర్చిపోతున్నారమ్మా. ఆయన కూర్చుని ఏవేవో రాస్తారు. పడుకున్నాక నేను డిక్షనరీ చూసి మళ్ళీ రాసి సంచీలో పెడతాను. పొద్దున్న చూసుకుని తనే రాశాననుకుంటారు."

"నాకెందుకు చెప్పలేదండీ?"

"చెబితే మాన్పించేస్తారని. నలుగురికీ తెలిస్తే ఆయన పరువేం కాను? పైగా నువ్వు ఫోనులో బాగా చేస్తున్నారన్నావు కదమ్మా. ఇంట్లోనే ఇలా ఉన్నారు, ఆఫీసుకు వెళ్తే తేరుకుంటున్నారు కాబోలు అనుకున్నాను. అందుకే వద్దనకుండా రోజూ బస్సెక్కించాను."

నేనేమో ఇంటి కార్డులు చూసి ఇంట్లో బాగానే ఉంటున్నారనుకున్నాను. అందుకే నేనూ ఎవరికీ చెప్పలేదు. ఆవిడ కార్డులు నన్ను మభ్యపెట్టాయి, నా మాటలు ఆవిణ్ణి మభ్యపెట్టాయి. మధ్యలో ఆ మనిషి ఒంటరిగా బస్సెక్కి దిగుతూ ఉన్నాడు. ఇద్దరం ఆయన పరువు కాపాడాం. ప్రాణం మాత్రం పేతురు కాపాడాడు.

ఒకరి చేతులు ఒకరు పట్టుకుని ఏడ్చాం. ఆయనకు వినపడకుండా, మళ్ళీ.

జూన్ 24

ఏలూరులో డాక్టరు గారు చూశారు. మందులిచ్చారు. తగ్గుతుందా అండీ అంటే, పెరగకుండా చూద్దామమ్మా అన్నారు. అదీ గట్టిగా అనలేదు.

జూలై 3

"షాయిస్తా గారూ, ఒక సంగతండీ" అన్నారు హేమంత్‌కుమార్ గారు. నసుగుతున్నారు. "బహువచనాల రూళ్ళు నెట్‌లో దొరికాయండీ. ఎవరో రాసి ఊరికే పెట్టేశారు. అమెరికా వాళ్ళు అదే పెట్టమంటున్నారు. పావుగంటలో అతికించేశానండీ. మనది తీసేద్దాం."

పావుగంట! నాలుగు నెలలు, రెండు వేల శుభలేఖ ముక్కలు. ఆ నెట్ వాళ్ళదీ మన పద్ధతే. మొండివాళ్ళు ముందు, బుద్ధిమంతులు వెనక. మాస్టారు మొదటి రోజే చెప్పిందదే.

హేమంత్‌కుమార్ గారి తప్పేం లేదు. మాస్టారు తప్పిపోయిన నాడు బస్టాండులన్నీ తిరిగిన మనిషి. కోపం రావాలని చూశాను, రాలేదు. మా ఫైలు ఫ్లాపీలో కాపీ చేసుకున్నాను. ముందు బెంచీలో ఆరు వందల పదకొండు మంది. వీళ్ళలో మాస్టారు రాసిందెవరిని, కామేశ్వరి గారు రాసిందెవరిని, నేను రాసిందెవరిని, ఇప్పుడు నాకే తెలియదు.

జూలై 9, ఆదివారం

ఇవాళ మాస్టారు తేటగా ఉన్నారు. వరండాలో కుర్చీలో కూర్చుని, ఒళ్ళో కార్డులు, చేతిలో ఎర్ర పెన్ను. నన్ను చూడగానే పేరు పెట్టి పిలిచారు. నాన్న ఎలా ఉన్నాడని అడిగారు. తర్వాత అడిగారు.

"అమ్మాయ్, నా కార్డులు సరిగ్గా వస్తున్నాయా?"

అలవాటైన మాట నాలుక చివరే ఉంది. కానీ గట్టేదోయ్ అని నీళ్ళలో నిలబడి అడిగిన మనిషి కనిపించారు నాకు.

"లేదండీ" అన్నాను.

పక్కన బెండకాయలు తరుగుతున్న కామేశ్వరి గారి చెయ్యి ఆగిపోయింది.

"ఎప్పట్నుంచి?"

"ఏప్రిల్ నుంచండీ. తప్పులన్నీ నేను దిద్దేశాను. మీకు చెప్పలేదు. క్షమించండి మాస్టారూ."

మాస్టారు ఒళ్ళో కార్డులు ఒకటొకటిగా తిప్పి చూశారు. తర్వాత ఒక పెద్ద నిట్టూర్పు విడిచారు.

"హమ్మయ్య" అన్నారు. "తప్పు రాస్తున్నానని నాకు అనుమానంగానే ఉండేదమ్మాయ్. మీరేమో బాగుంది, బాగుంది అనేవారు. అయితే తప్పు రాయడమే కాదు, ఏది తప్పో కూడా మర్చిపోయాను కాబోలు అనుకున్నాను. ఎంత భయపడ్డానో తెలుసా? నేను పట్టుకున్నది నిజంగా తప్పేనన్న మాట. అంతవరకు నేనున్నాను."

కామేశ్వరి గారు కొంగు నోట్లో కుక్కుకున్నారు. నేను ఏడ్చేశాను, ఈసారి ఆయన ఎదురుగానే.

ఆయన ఒక కార్డు తీసుకుని తిప్పి, తెలుగులో రాసి నాకిచ్చారు. ఇప్పుడు నా ముందే ఉంది.

"షాయిస్తాకు. నేనెప్పుడు అడిగినా నిజమే చెప్పు. బతిమాలినా, కోప్పడినా, బాగున్నాయని మాత్రం అనకు. తప్పుకు సున్నా చుట్టు. కోదండరామయ్య."

మాటిచ్చాను.

జూలై 16

"నా కార్డులు సరిగ్గా వస్తున్నాయా?"

పోయిన ఆదివారం సంగతి ఆయనకు గుర్తులేదు. లేదండీ అని చెప్పాను. హమ్మయ్య అంటారనే అనుకున్నాను. అనలేదు. కోపం వచ్చింది. "నాకు తప్పులు చూపించేపాటిదానివా నువ్వు?" అని కార్డులు విసిరేశారు. ఏరుకొచ్చి ఒళ్ళో పెట్టాను.

జూలై 23

చెప్పాను. ఈసారి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. మొదటిసారి వింటున్నారు కదా. ఆయనకు ప్రతిసారీ మొదటిసారే.

వచ్చేటప్పుడు గేటు దగ్గర కామేశ్వరి గారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఎందుకమ్మా వారం వారం చంపడం? బాగున్నాయని చెప్పెయ్యి. గంటలో మర్చిపోతారు."

"మాటిచ్చానండీ."

"ఎవరికి? ఆ మనిషి ఏడమ్మా?"



జూలై 30

వెళ్ళలేదు. తలనొప్పి.

తలనొప్పీ లేదు, ఏమీ లేదు.

ఆగస్టు 6, ఆదివారం

నిర్ణయించుకునే వెళ్ళాను. అడిగితే బాగున్నాయని చెప్పేద్దామని. కామేశ్వరి గారి మాటే రైటు. బస్సులో అంతసేపూ ఆ మాటే నేర్చుకున్నాను.

మాస్టారు చిక్కిపోయారు. గళ్ళ చొక్కా భుజాల దగ్గర వేలాడుతోంది. నన్ను గుర్తుపట్టలేదు. "కూర్చో అమ్మాయ్, ఏ క్లాసు?" అన్నారు. "ఏడండీ" అన్నాను. కార్డులు చూపించారు. గీతలు, సగం సగం అక్షరాలు.

"సరిగ్గా వస్తున్నాయా?"

నోరు తెరిచాను. బాగున్నాయనే మాట రాలేదు. లేదండీ అనే మాటా రాలేదు. ఏం చేయాలో తెలియక, హ్యాండ్‌బ్యాగులో నుంచి ఆయన రాసిచ్చిన కార్డు తీసి ఆయన చేతిలో పెట్టాను. మీరే చెప్పండి మాస్టారూ, నన్నేం చేయమంటారో.

కళ్ళజోడు సర్దుకుని, వేలు పెట్టుకుంటూ మెల్లగా చదివారు. ఎర్ర పెన్ను పట్టుకుని తప్పుల కోసం వెతికారు. దొరకలేదు.

"దస్తూరీ బాగుంది" అన్నారు. "ఎవరిదమ్మాయ్?"

"మా మాస్టారిదండీ."

కార్డు నాకు తిరిగి ఇచ్చారు.

"అయితే ఆయన చెప్పినట్టు చెయ్యి."

సరేనండీ అన్నాను. ఎర్ర పెన్ను అందుకుని, ఆయన గీతలు గీసిన కార్డు మీద మొదటి సున్నా చుట్టాను.